ఫోర్ వీల్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి?

థార్, జిమ్నీ, గూర్ఖా, స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్ లాంటి బండ్లు ఇప్పుడు మన ఊళ్లలో అరుదేమీ కాదు. ఒకప్పుడు అటవీశాఖ జీపులోనో, పోలీసుల జిప్సీలోనో కనిపించిన ఫోర్ వీల్ డ్రైవ్ ఇవాళ కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ల చేతికీ వచ్చింది. వారాంతం వస్తే మారేడుమిల్లి, లంబసింగి; పది రోజుల సెలవు దొరికితే స్పితి, లదాఖ్. బండి వచ్చింది గానీ, గేర్ రాడ్ పక్కనున్న రెండో రాడ్‌ను ఎప్పుడు ముట్టుకోవాలో నేర్పే ఏర్పాటు మాత్రం దాని వెంట రాలేదు. మామూలు కారు నడిపే లైసెన్సుతోనే దీన్నీ నడపొచ్చు. షోరూంలో తాళాలు ఇచ్చేటప్పుడు చెప్పే నాలుగు ముక్కలే చాలామందికి దక్కే శిక్షణ.

ఫోర్ వీల్ ఎప్పుడు వేయాలని అడిగితే మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. బండి దిగబడ్డాక వేస్తే చాలంటారు కొందరు. వాన పడినా, ఘాట్ ఎక్కినా వేసి ఉంచడమే క్షేమమంటారు ఇంకొందరు. ఫలానా వేగం దాకా వేయొచ్చని కంపెనీ పుస్తకంలోనే ఉంది కాబట్టి ఎప్పుడైనా వేయొచ్చనేది మూడో మాట. మూడింటిలోనూ కొంత నిజముంది. ఏ ఒక్కదాన్ని గుడ్డిగా నమ్మినా బండికో మనిషికో చేటు తప్పదు. ఈ వాదాలను, వాటి వెనకున్న యంత్రాన్ని, మన నేలల తీరును పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇది: ఫోర్ వీల్ క్షేమంగా వేయడం చేతి నేర్పు కన్నా ఎక్కువగా సమయం తెలిసి మసలుకోవడం. జారుడు నేల రాకముందే వేయాలి, గట్టి నేల తగలగానే తీయాలి, వేసి ఉన్నంతసేపూ బ్రేకు మీద కొత్త ఆశలు పెట్టుకోకూడదు.

మలుపులో దాగిన చిక్కు

కళ్లంలో బంతి కట్టి తిప్పినప్పుడు గుంజ పక్కనున్న ఎద్దు తక్కువ దూరం, బయటి ఎద్దు ఎక్కువ దూరం నడుస్తాయి. బండి మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాల సంగతీ ఇంతే. ఎడమ కుడి చక్రాల మధ్య తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య కూడా ఇలాంటి తేడానే ఉంటుందన్నది చాలామందికి తట్టదు. వెనుక చక్రాలు మలుపును లోపలికి కోసుకుంటూ వస్తే, ముందు చక్రాలు పెద్ద వలయంలో తిరుగుతాయి.

లెక్క వేసి చూద్దాం. మూడు తలుపుల థార్ వీల్‌బేస్ 2,450 మిల్లీమీటర్లు. వెనుక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో పూర్తి చుట్టు తిరిగితే అది నడిచే దూరం దాదాపు 31.4 మీటర్లు. అదే చుట్టులో ముందు ఇరుసు మధ్యభాగం దాదాపు 35 మీటర్లు నడుస్తుంది. మూడున్నర మీటర్ల ఈ తేడా ఆ బండి చక్రం దాదాపు ఒకటిన్నర సార్లు తిరిగితే వచ్చే దూరం. టూ వీల్‌లో (2హెచ్) ఉన్నప్పుడు ముందు చక్రాలకు ఇంజన్‌తో సంబంధం ఉండదు కాబట్టి ఎవరి దూరం వాళ్లు నడుస్తారు. 4హెచ్, అంటే మామూలు వేగాల ఫోర్ వీల్, వేయగానే గేరుబాక్సు వెనకుండే ట్రాన్స్‌ఫర్ కేస్ రెండు ఇరుసులకూ వెళ్లే షాఫ్టులను ఒకటిగా కట్టేస్తుంది. ఇక రెండూ ఒకే లెక్కన తిరగాల్సిందే.

బురదలో, ఇసుకలో, వదులు కంకరలో అయితే ఏదో ఒక టైరు కాస్త జారి ఆ తేడాను వదిలించుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద టైరు జారదు. అప్పుడు ఆ తేడా అంతా షాఫ్టుల్లో, గేరు పళ్లలో మెలిగా పేరుకుంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, ఎవరో బ్రేకు పట్టుకున్నట్టు బండి ఆగిపోతుంటుంది, టైర్లు కీచుమంటూ ఎగిరెగిరి పడతాయి. అలాగే లాగిస్తే టైర్లు అరగడంతో మొదలై ట్రాన్స్‌ఫర్ కేస్, క్రౌన్ పినియన్ దాకా నష్టం పాకుతుంది. ముందు వెనుక టైర్లు వేర్వేరు సైజులవైనా, రెండు కొత్తవీ రెండు బాగా అరిగినవీ అయినా నేరుగా వెళ్తున్నప్పుడే ఇదే మెలి పడుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల, తగిన గాలితో ఉండటం ఫోర్ వీల్ వేసే అర్హతలో మొదటి షరతు.

ట్రాక్టరు నడిపేవాళ్లకు ఈ సూత్రం ఎప్పటినుంచో తెలుసు. దమ్ములో ఒక చక్రం ఊరికే తిరిగిపోతుంటే డిఫరెన్షియల్ లాక్ తొక్కుతారు, గట్టు దగ్గర మలుపు రాగానే వదిలేస్తారు. ఫోర్ వీల్ ట్రాక్టరుతో పొలం పని ముగించి తారు రోడ్డెక్కేటప్పుడు ముందు ఇరుసును విడదీస్తారు. మన పొలాల్లో ఇంత మామూలుగా ఉన్న జ్ఞానం, ఇరవై లక్షల బండి కొన్నవాళ్ల దగ్గరికి చేరకపోవడం బాధ కలిగిస్తుంది.

వందేళ్లుగా వెతికిన పరిష్కారాలు

ఈ చిక్కు కొత్తది కాదు. 1903లోనే నెదర్లాండ్స్‌కు చెందిన స్పైకర్ కంపెనీ నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే కారు తయారుచేసింది. రెండో ప్రపంచయుద్ధంలో 1941 నుంచి వచ్చిన విల్లీస్ జీపు, అవసరమైనప్పుడే ముందు ఇరుసును కలిపే పద్ధతిని లోకమంతటికీ పరిచయం చేసింది. ఆ జీపులనే స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో మహీంద్రా బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టింది. మన దేశపు ఫోర్ వీల్ అలవాట్లన్నీ ఆ జీపు నుంచి వచ్చినవే. 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ జీపుల కోసం లాకింగ్ హబ్‌లు తయారుచేశాడు. ఫోర్ వీల్ అక్కర్లేనప్పుడు ముందు చక్రాలను షాఫ్టుల నుంచి విడదీసి, ఊరికే తిరిగే భాగాల అరుగుదలను తగ్గించడం వాటి పని.

అదే 1948లో వచ్చిన తొలి ల్యాండ్ రోవర్ ఇంకో దారి తొక్కింది. ముందు ఇరుసుకు ఎప్పుడూ శక్తి వెళ్తుంది, మలుపులో మెలి పడకుండా మధ్యలో ఫ్రీవీల్ ఉంటుంది. రెండేళ్లకే కంపెనీ దాన్ని మానేసి, డ్రైవరే కలుపుకునే పార్ట్ టైమ్ పద్ధతికి వచ్చింది. 1970 రేంజ్ రోవర్‌తో మధ్యలో మూడో డిఫరెన్షియల్ పెట్టే ఫుల్ టైమ్ పద్ధతి నిలదొక్కుకుంది. 1991లో రెండో తరం పజేరోలో మిత్సుబిషి పార్ట్ టైమ్, ఫుల్ టైమ్ పద్ధతులు రెండింటినీ ఒకే లివర్‌లో కలిపింది. ఆ తర్వాత క్లచ్ ప్లేట్లతో, కంప్యూటరుతో తనంతట తానే వెనుక ఇరుసును కలుపుకునే ఆల్ వీల్ డ్రైవ్ కార్లు వచ్చాయి.

ఈ చరిత్ర తెలియడం వల్ల లాభమేమిటంటే, సలహా ఏ కుటుంబపు బండికి వర్తిస్తుందో గుర్తుపట్టగలం. థార్, జిమ్నీ, గూర్ఖా, ఫార్చ్యూనర్, వీ-క్రాస్ పార్ట్ టైమ్ కుటుంబానివి. వాటిలో మధ్య డిఫరెన్షియల్ లేదు, కాబట్టి పొడి తారు మీద 4హెచ్ పనికిరాదు. మధ్య డిఫరెన్షియల్ ఉన్న ఫుల్ టైమ్ బండిని ఏ రోడ్డు మీదైనా అలాగే నడపొచ్చు. కానీ దాని సెంటర్ డిఫ్ లాక్ నొక్కిన క్షణం నుంచి అదీ పార్ట్ టైమ్ బండితో సమానమే. ఎక్స్‌యూవీ 700 ఆల్ వీల్ డ్రైవ్ లాంటివాటిలో డ్రైవరు చేయాల్సింది తక్కువ. అయితే లోతైన ఇసుకలో ఎక్కువసేపు గుంజితే వాటి క్లచ్ వేడెక్కి చేతులెత్తేయవచ్చు. ఒక కుటుంబానికి చెప్పిన మాట ఇంకో కుటుంబానికి అతికించడం వల్లనే సగం గందరగోళం పుట్టింది.

2హెచ్ నుంచి 4హెచ్‌కు

నడుస్తున్న బండిలోనే ఫోర్ వీల్ వేసే సదుపాయం దాదాపు ఇప్పటి బండ్లన్నింటిలోనూ ఉంది. జిమ్నీ పుస్తకం గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా ఒప్పుకుంటుంది. ఈ అంకె చాలామందిని పెడదారి పట్టిస్తోంది. యంత్రం తట్టుకోగల హద్దు అది. ఆ వేగంతో జారుడు నేలలోకి దిగమని చెప్పే సలహా కాదు. ఆ అంకె పక్కనే ఉండే షరతులు అంతకన్నా ముఖ్యమైనవి: స్టీరింగ్ నేరుగా ఉండాలి, యాక్సిలరేటర్ మీద కాలు వదులు చేయాలి, ఏ చక్రమూ ఊరికే తిరిగిపోతూ ఉండకూడదు. ముందు వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడే పళ్లు మెత్తగా కూర్చుంటాయి.

ఇక్కడే "దిగబడ్డాక వేస్తే చాలు" అన్న మాట ప్రమాదకరమవుతుంది. వెనుక చక్రం బురదలో గిర్రున తిరుగుతుండగా, కదలని ముందు ఇరుసును దానికి కలిపితే ఆ దెబ్బ ట్రాన్స్‌ఫర్ కేస్ చైన్ మీదా, ముందు ఇరుసు జాయింట్ల మీదా పడుతుంది. అప్పటికే చక్రం గుంత తవ్వుకుని ఉంటుంది కాబట్టి ఫలితమూ సగమే. దిగబడ్డ బండిలో వేయక తప్పకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, చక్రాలు నిలిచేదాకా ఆగి, స్టీరింగ్ నేరుగా పెట్టి అప్పుడు వేయాలి. అంతకన్నా మంచిది బురద కనిపించగానే, ఇంకా గట్టి నేల మీద ఉండగానే వేసుకోవడం.

రాడ్ ఉన్న బండిలో అది గాడిలో పడిన సంగతి చేతికి తెలుస్తుంది. బటన్, నాబ్ ఉన్న బండిలో తెలియదు. నాబ్ తిప్పడం అంటే అడగడమే, పని పూర్తయినట్టు కాదు. లోపలి మోటారు పళ్లు కలిసే అదను కోసం చూస్తుంటుంది. మీటర్‌లో దీపం మిణుకుతూ ఉంటే పని మధ్యలో ఉందని, నిలకడగా వెలిగితే పూర్తయిందని అర్థం. ఆ దీపం నిలకడ కాకుండా ఏటవాలు ఎక్కడం మొదలుపెట్టకూడదు. చేత్తో తిప్పే హబ్‌లున్న పాత జీపులు, జిప్సీల్లో బయల్దేరే ముందే బండి దిగి రెండు పక్కలా లాక్ చేయాలి. ఒక పక్క మరిచిపోతే లోపల రాడ్ వేసినా ముందు ఇరుసు లాగదు.

4ఎల్: ఆగి వేయాల్సిన గేరు

4ఎల్ అంటే లో రేంజ్. అది వేగాన్ని తగ్గించి తోపుడు బలాన్ని పెంచుతుంది. జిమ్నీలో ఇది దాదాపు రెండింతలు, థార్‌లో దాదాపు రెండున్నర రెట్లు. రాళ్ల మెట్లు, నిట్టనిలువు దారులు, లోతైన ఇసుక, బరువు లాగడం దీని చోట్లు. నిలువు దిగుడులో దీని విలువ ఇంకా ఎక్కువ. 4ఎల్‌లో మొదటి గేరు వేసి క్లచ్ జోలికి పోకుండా దిగితే నాలుగు చక్రాలనూ ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

వేసే పద్ధతిలో మాత్రం కంపెనీల మధ్య తేడాలున్నాయి. జిమ్నీని పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి లేదా ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి వేయాలి. జీప్ రాంగ్లర్ పుస్తకం గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల నెమ్మది కదలికలో వేయమంటుంది. ఆ చిన్న కదలికతో పళ్లు ఎదురెదురుగా నిలబడిపోకుండా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. రెండూ సరైనవే, ఏ బండిది ఆ బండికే. స్నేహితుడి బండి అలవాటును మన బండి మీద రుద్దితే పళ్లు గరగరమంటాయి.

ప్రాణం తీయగల పొరపాటు ఒకటి ఇక్కడే ఉంది. థార్ లాంటి బండ్ల రాడ్‌లో 4హెచ్‌కూ 4ఎల్‌కూ మధ్య ఎన్ అనే స్థానం ఉంటుంది. అది గేరుబాక్సు న్యూట్రల్ కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్. అక్కడ రాడ్ ఆగితే ఇంజన్‌కూ నాలుగు చక్రాలకూ ఏ బంధమూ ఉండదు. గేరులో పెట్టి ఆపినా, ఆటోమేటిక్‌లో పి పెట్టినా బండి పల్లానికి జారిపోతుంది. అందుకే 4ఎల్ మార్పు సమతల నేల మీద, కాలు బ్రేకు మీద, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి చేయాలి. రాడ్ చివరిదాకా వెళ్లిందని చూసుకునేదాకా బండి ముందూ వెనుకా ఎవరినీ నిలబడనీయకూడదు.

మన నేలలు ఏం చెబుతాయి

నల్లరేగడి పొడిగా ఉంటే రాయి, తడిస్తే జిగురు. టైరు గాళ్లలో మన్ను నిండాక నాలుగు చక్రాలూ నున్నటి రోలర్లవుతాయి. ఆ దారిలో 4హెచ్ ముందే వేసి, ఆగకుండా ఒకే నెమ్మది వేగంతో పోవడమే మార్గం. ఇసుకలో ఫోర్ వీల్ కన్నా ముందు టైరు గాలి తగ్గించాలి. 15 నుంచి 18 పీఎస్ఐకి దింపితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. గాలి దింపినప్పుడు పదునైన మలుపులు తిప్పకూడదు, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. సముద్రతీరంలో బండ్లు నడపడం మీద చాలాచోట్ల నిషేధం ఉంది. మన తీరంలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక సాధనకు ఆ చోటును వదిలేయాలి.

వాగుల విషయంలో ఫోర్ వీల్ మీద నమ్మకం ప్రాణాంతకమైంది. కంపెనీ చెప్పే నీటి లోతు హద్దు జిమ్నీకి 300, థార్‌కు 650 మిల్లీమీటర్లు. అదీ నిలిచిన లేదా నెమ్మదైన నీటి మాట. రెండడుగుల పరుగు నీరు చాలా బండ్లను ఎత్తుకుపోగలదు. చక్రం నేలను వదిలాక శక్తి ఎన్ని చక్రాలకు వెళ్తే ఏం లాభం? వానాకాలంలో చప్టా మీద నీరు పారుతుంటే ఏ రాడ్ వేసినా దాటకూడదు.

మంచు, ఐసు పరుచుకున్న హిమాలయ దారుల్లో 4హెచ్ వేసే ఉంచొచ్చు, ఎందుకంటే అక్కడ టైరు జారి మెలిని వదిలిస్తూనే ఉంటుంది. దారి మధ్యలో మంచు లేని పొడి తారు వస్తే మాత్రం తీసేయాలి.

తడి తారు మీద తెగని వాదం

వానలో ఘాట్ రోడ్డు మీద 4హెచ్ ఉండాలా వద్దా అన్నది ఈ రంగంలో ఇంకా తెగని చర్చ. ఎక్కుడు మలుపులో వెనుక చక్రం జారకుండా పట్టు దొరుకుతుందనేది ఒక పక్షం. తడి తారు కూడా మెలి పడేంత పట్టు ఇస్తుందనీ, హెయిర్‌పిన్ మలుపులో బండి తిరగనని మొరాయిస్తూ బయటికి పోతుందనీ రెండో పక్షం. రెండో పక్షమే సరైనదని నా అభిప్రాయం. ఎందుకంటే ఘాట్‌లో ప్రమాదం ఎక్కువగా దిగుడులో, బ్రేకు దగ్గర వస్తుంది. ఫోర్ వీల్ బండిని కదిలించడంలో సాయపడుతుంది, ఆపడంలో కాదు. ఆపేది అవే నాలుగు టైర్లు, అవే బ్రేకులు. పైగా ముందు వెనుక చక్రాలు ఒకే ముడిలో ఉంటే ఒక్కో చక్రాన్ని విడిగా అదుపు చేసే ఏబీఎస్ పని కష్టమవుతుంది. కొండచరియ మట్టి రోడ్డు మీదికి వచ్చిన చోట, తారు లేచిపోయిన చోట నేరుగా ఉన్న ముక్కలో వేసి, అది దాటగానే తీయడం మధ్యేమార్గం.

ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి కాబట్టి ఇంత ఆలోచన దండగ అనేవాళ్లూ ఉన్నారు. తిరిగిపోయే చక్రాన్ని బ్రేకుతో పట్టి, బలాన్ని రెండో చక్రానికి మళ్లించే ఏర్పాటు జిమ్నీలో, థార్‌లో నిజంగా బాగా పనిచేస్తుంది. అయినా అది మధ్య డిఫరెన్షియల్ లేని లోటును తీర్చదు. చాలా బండ్లలో 4ఎల్ వేయగానే బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ పక్కకు తప్పుకుంటుందన్నదీ గుర్తుండాలి. గూర్ఖాలో ఉన్నట్టు ఇరుసు లాకులు ఉన్నవాళ్లు వాటిని నెమ్మది వేగంలో, నేరుగా వెళ్లేటప్పుడే వాడాలి. లాక్ వేసి మలుపు తిప్పితే మెలి ఎడమ కుడి చక్రాల మధ్య కూడా పడుతుంది.

తీయడమూ ఒక విద్యే

వేయడం గురించి ఉన్న శ్రద్ధ తీయడం మీద ఉండదు. మెలి పడిన బండిలో రాడ్ కదలదు, దీపం ఆరదు. బలంగా గుంజితే లోపల గేరును జరిపే ఫోర్కు వంగుతుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి కొన్ని మీటర్లు వెనక్కి, మళ్లీ ముందుకు పోతే మెలి విడిపోయి రాడ్ తేలిగ్గా వస్తుంది. ఒక వైపు చక్రాలు మట్టి అంచు మీద ఉంటే ఇంకా సులువు. 4ఎల్ నుంచి బయటికి వచ్చేటప్పుడు మళ్లీ ఆగాలి, ఎన్ దగ్గర రాడ్ ఆగిపోలేదని చూసుకోవాలి.

నెలల తరబడి ముట్టుకోని ఫోర్ వీల్ అవసరమైన రోజున మొండికేస్తుంది. ముందు ఇరుసు భాగాలకు నూనె అందేందుకు నెలకు కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపాలని టొయోటా తన బండ్ల పుస్తకాల్లో చెబుతుంది. తారు మీద కాకుండా, ఊరి పక్క కంకర దారి మీద నేరుగా నడిపితే యంత్రానికి నూనె, నడిపేవాళ్లకు సాధన రెండూ దొరుకుతాయి.

యంత్రం ఎంత మారినా షరతులు మారలేదు. 1941 జీపుకూ ఇవాళ్టి నాబ్ బండికీ నేల ఒకటే, మలుపు లెక్క ఒకటే. కాబట్టి మారాల్సింది అప్పగింత పద్ధతి. అమ్మేవాళ్లు తాళాలు ఇచ్చే రోజునే ఒక మట్టి దారి మీద కొన్నవాళ్ల చేత 4హెచ్ వేయించి తీయించాలి, 4ఎల్ మార్పు చేయించాలి, ఎన్ స్థానం ప్రమాదాన్ని బండి జరిపి చూపించాలి. ఒక గంట పని ఇది. అమ్మేవాళ్లు చేయకపోతే కొన్నవాళ్లు అడిగి చేయించుకోవాలి. ఇంట్లో ఆ బండి నడిపే ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా ఎప్పుడో ఒకసారి నడిపేవాళ్లు, ఆ గంట పాఠం పూర్తయ్యాకే కొండదారి పట్టాలి.